ప్రభుత్వాన్ని పడగొట్టిన వాన

తన థీసిస్‌లో మూడో అధ్యాయాన్ని మొత్తం తడిపేసిన వాన అసలు కురవనే లేదని మనవరాలికి సరిగ్గా వైవా రోజు ఉదయమే తెలిసింది.

సమకాలీన చరిత్ర, రాజకీయాల్లో పీజీ చేస్తోంది ఆమె. ఆ ఉదయం అనుకున్నది చాలా మామూలు పని: కాఫీ తాగడం, తాతయ్యని వెంటబెట్టుకుని యూనివర్సిటీకి వెళ్ళడం, పట్టా ఖాయం చేసుకుని రావడం. ఫైలు సర్దుతూ, తన థీసిస్‌కి విషయమైన పాత ప్రభుత్వం పడిపోయిన మర్నాటి పత్రిక నకలును ఊరికే తిరగేసింది. ఇన్నాళ్ళూ మొదటి పేజీయే చదివింది. రాజకీయాలు చదివేవాళ్ళు వెనక పేజీ దాకా వెళ్ళరు. అక్కడ ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంది: నిన్న కూడా చినుకు రాలలేదు.

ఆమె పత్రిక తేదీ మరోసారి చూసుకుంది.

ఆ ప్రభుత్వం ఎందుకు పడిందో ఎవరికీ తెలియదు. కావలసినంత మెజారిటీ ఉంది. అయినా ఓ వేసవి మధ్యాహ్నం, భోజనాలయ్యాక జరిగిన ఓటింగులో అధికార పక్షంలో ఒక్కరూ చెయ్యెత్తలేదు. సభ రికార్డులో సరిగ్గా అక్కడే ఖాళీ. కొందరు కుట్ర అన్నారు. కొందరు విదేశీ హస్తమన్నారు.

ఆ రోజు సభలో మాటలన్నీ రికార్డుకి రాసుకునే షార్ట్‌హ్యాండ్ రిపోర్టరుగా కూర్చున్న తాతయ్య చెప్పింది వేరు. కరువు ఏడాది. ఉన్నట్టుండి వాన. కిటికీలు వాటంతటవే తెరుచుకున్నాయి. మంత్రులు చెప్పులు వదిలేసి, ఒకరి వెనక ఒకరు మాటా పలుకూ లేకుండా బయటికి నడిచారు. పచ్చికలో నిలబడి ముఖాలు పైకెత్తారు. బల్లల మీది కాగితాలు కొంగల్లా లేచి వాళ్ళ మీదుగా ఎగిరిపోయాయి. లోపల ప్రభుత్వం పడిపోతోంది. బయట ఎవరికీ పట్టలేదు.

మనవరాలు చిన్నప్పుడు ఆ వాన వింటూనే నిద్రపోయేది. పెద్దయ్యాక దాన్నే మూడో అధ్యాయంగా రాసింది. గైడు మేడమ్ అది చదివి మురిసిపోయారు. తర్వాత తనూ ఓ వ్యాసం రాశారు. ఆ వ్యాసం చూసి మాజీ మంత్రులు వరసగా ముందుకొచ్చి, అవును, మేమూ తడిశామన్నారు. ఒకాయనకి ఆనాటి జలుబు కూడా గుర్తొచ్చింది.

దారిలో మనవరాలు అడిగింది. "తాతయ్యా, నిజం చెప్పు. ఆ రోజు వాన పడిందా?"

"పడకపోతే నా చొక్కా ఎందుకు తడిసిందే?"

"పత్రికలో పడలేదని రాశారు."

"పత్రికల్లో రాసిందంతా నిజమైతే ఇక నీ చదువెందుకు?" అని తాతయ్య కళ్ళు మూసుకున్నాడు.

డిపార్ట్‌మెంటు వరండాలో గైడు మేడమ్ ఎదురయ్యారు.

"మేడమ్, వాన లేదు."

"మెల్లగా మాట్లాడు," అన్నారామె. "ఇవాళ నీ వైవా చేసే ఎక్స్‌టర్నల్ సార్ తన పాఠ్యపుస్తకంలో నా వ్యాసం వాడుకున్నారు. అట్ట మీద గొడుగు బొమ్మ కూడా వేయించారు. అచ్చయిపోయింది."

"మరి నన్నేం చెప్పమంటారు?"

"అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. నీది నిజమే గానీ అతకడం లేదు. పోనీ, నాలుగు చినుకులు పడ్డాయని చెప్పు."

వైవా గదిలో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. తాతయ్య వెనక కుర్చీలో కూర్చున్నాడు. ఎక్స్‌టర్నల్ సార్ గొడుగు బొమ్మ పుస్తకాన్ని ముందు పెట్టుకుని, "ఆ వాన గురించి చెప్పమ్మా," అన్నాడు ఆప్యాయంగా.

ఆమె కళ్ళు మూసుకుంది. చెవుల్లో వాన మొదలైంది. ఒక్క మాట చాలు, పట్టా చేతికొస్తుంది.

"పడలేదు సార్."

"పడింది. నా పుస్తకంలో ఉంది."

"మీ పుస్తకంలోకి మేడమ్ వ్యాసంలోంచి వచ్చింది. మేడమ్ వ్యాసంలోకి నా అధ్యాయంలోంచి. నా అధ్యాయంలోకి మా తాతయ్య దగ్గర్నుంచి."

"మరి తడిసిన మంత్రుల మాటేమిటి?"

సార్ పుస్తకాన్ని బోర్లా పెట్టాడు. "ఊరికే ఏ ప్రభుత్వమూ పడదమ్మా. వాన తీసేస్తే ఆ చోట ఏం పెడతావు? ఏమీ లేకపోతే నేను పాస్ చెయ్యలేను."

వెనక కుర్చీ కిర్రుమంది. తాతయ్య లేచి నిలబడ్డాడు.

"పిల్లనేమీ అనకండి సార్. తప్పు నాది. ఆ రోజు నీటిపారుదల మీద చర్చ. పైన ఇలాగే ఫ్యాను. కడుపునిండా భోజనం. పెన్ను చేతిలో ఉండగానే కునుకు పట్టేసింది. వాన, కొంగలు, అన్నీ ఆ కునుకులో చూసినవే. మోచెయ్యి తగిలి మంచినీళ్ళ గ్లాసు ఒలికింది, చొక్కా తడిసింది. రికార్డులో ఖాళీ కూడా నాదే. నిద్రపోయానంటే ఉద్యోగం ఊడుతుందని భయపడి వాన కథ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమైపోయింది."

"అంటే ఓటింగు సంగతి మీకేమీ తెలియదన్నమాట," అన్నాడు ఎక్స్‌టర్నల్ సార్.

"ఒక్కటి తెలుసు సార్. నేను నిద్ర లేచేసరికి ప్రభుత్వం పడిపోయింది. మంత్రులు మాత్రం ఇంకా లేవలేదు."