పెద్దమ్మ రెండో చెవి

మంగళవారం ఉదయం ఆరున్నరకు పెద్దమ్మ మాట పడిపోయింది. పెద్దమ్మ అంటే ఉపగ్రహం. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత కవచాన్నీ, అందులో చిక్కుకుని తిరిగే విద్యుదావేశ కణాలనూ గమనించడం దాని పని. మూడేళ్లకని పంపితే పద్నాలుగేళ్లుగా చేస్తోంది. ఆ గౌరవంతోనే అంతరిక్ష కేంద్రంలో ఆ పేరు పెట్టారు. సూర్యుడి నుంచి పెద్ద తుఫాను ఆ సాయంత్రమే రానుంది. ఉపగ్రహాన్ని చూసుకునే ఇంజనీరు ఇన్నేళ్లూ ఎదురుచూసింది దానికోసమే. పన్నెండులోగా ఉపగ్రహం పలకకపోతే ఆశ వదులుకోమని డైరెక్టరు చెప్పేశాడు.

ఈ గొడవలో, పదింటికి తన సొంత పెద్దమ్మను ఆస్పత్రిలో కలుసుకుని చెవి పరీక్ష చేయించాలన్న సంగతి ఇంజనీరు మరిచిపోయాడు. పదిన్నరకు భార్య ఫోన్ చేసింది.

"మీ పెద్దమ్మకి ఎలా ఉందండీ?"

"పోయింది," అన్నాడు తెర మీంచి కళ్లు తీయకుండా.

"అయ్యో! పొద్దున బానే ఉన్నారుగా!"

"ఉన్నట్టుండి మాట పడిపోయింది. వయసైపోయింది కదా."

"ఇప్పుడెక్కడండీ?"

"పైనే. గుండ్రంగా తిరుగుతోంది."

అవతల ఫోన్ కింద పడిన చప్పుడు వినిపించింది.

అతను ఆఫీసులోనే ఉన్నాడని తెలుసుకుని, పదకొండుంపావుకల్లా భార్య, పిన్ని, బావ కేంద్రం వరండాలో నిలబడి ఏడుస్తున్నారు. ఒక ఉపగ్రహం మీద ఇంత అభిమానమా అని డైరెక్టరు కరిగిపోయాడు.

"ఆవిడ ఇచ్చిన సమాచారం మరువలేం," అన్నాడు.

"అవునండీ," అంది పిన్ని ముక్కు చీదుతూ. "ఎవరింట్లో ఏం జరిగినా ముందు మా అక్కకే తెలిసేది."

డైరెక్టరు ఈ మాట అర్థం చేసుకునేలోపే మెట్ల మీద నుంచి కేక వినిపించింది.

"గంటన్నర ఆస్పత్రిలో కూర్చోబెట్టావు కదరా!"

పిన్ని కెవ్వుమని డైరెక్టరు మీద పడింది. ఇంజనీరు పరుగున బయటికొచ్చి, పెద్దమ్మ పక్కన చేరి ఏదో గొణిగాడు.

"ఏంటీ? ఆ చెవి పనిచేయదని తెలీదూ? ఇటువైపు వచ్చి చెప్పు!"

ఇంజనీరు ఆవిడ రెండో చెవి వైపు చూశాడు. మరుక్షణం వచ్చిన దారినే పరుగెత్తాడు. ఉపగ్రహానికి రెండోవైపు ఇంకో యాంటెన్నా ఉంది. పద్నాలుగేళ్లలో ఎవరికీ దాని అవసరం పడలేదు. పొద్దుట్నుంచీ అందరూ వినపడని చెవిలోనే అరుస్తున్నారు.

పన్నెండుకు ఎనిమిది నిమిషాలుందనగా అటువైపు పిలిచాడు. తెర మీద చదునుగా పడివున్న గీత లేచి నిలబడింది.

"పలికింది! పెద్దమ్మ పలికింది!" గది గదంతా ఎగిరి గంతేసింది.

"ఇందాకట్నుంచీ పలుకుతూనే ఉన్నాగా," అంది గుమ్మంలోంచి పెద్దమ్మ.

సాయంత్రం తుఫాను వచ్చింది. ఉపగ్రహం ఒక్క నిమిషం కూడా వదలకుండా దాన్ని నమోదు చేసింది. డైరెక్టరు తన కుర్చీలో పెద్దమ్మను కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించాడు.

చెవి పరీక్ష మాత్రం ఇంకా కాలేదు.