అధ్యక్షులవారి వెనక సీటు

చోడవరం ఆరోగ్య సైకిల్ సంఘం అధ్యక్షులు శ్రీ వేంకటరమణమూర్తి గారు ఇంగ్లండు కొండల్లో సైకిల్ యాత్ర చేసి వచ్చేరన్న సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ చూసే ఉంటారు. అందులో ఆయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, వెనకాల పచ్చటి కొండతో, ఉదయిస్తున్న సూర్యుడికేసి చూస్తున్నారు. కొండ నిజమైనదే. సూర్యుణ్ణి మాత్రం ఇక్కడికొచ్చేక కలిపించేరు. ఆ దేశంలో దొరకలేదు.

మూర్తిగారు పన్నుల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యేరు. రిటైరైన నెలలోనే షుగరు బయటపడింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. నడక అందరూ చేసేదే కాబట్టి ఆయన సైకిల్ సంఘం స్థాపించేరు. ఆయనకి సైకిల్ తొక్కడం రాదు. దాన్ని ఎవరూ లోపంగా ఎంచలేదు. అధ్యక్షుడే తొక్కితే ఇంక సభ్యులెందుకు? సభ్యులు కూడా అదే మాట అనుకుని, ఆ పని కార్యదర్శి ఉదయ్‌కుమార్‌కి వదిలేసేరు. ఉదయ్‌కుమార్‌కి సైకిలుంది గానీ టైర్లలో గాలి లేదు. ప్రతి ఆదివారం సంఘం సమావేశమయ్యేది. ఆ పూట వీధి నిండా కార్లు ఆగిపోయి, పాలవాడి సైకిల్ వెళ్ళడానికి దారుండేది కాదు.

చోడవరం రోడ్ల మీద గోతులు, కుక్కలు, చెరకు లారీలు మెండుగా ఉన్నందున, సైకిల్ తొక్కడానికి అనువైన చోటు ఇంగ్లండేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. యార్క్‌షైర్ అనే చోట కొండల మధ్య సైకిల్ యాత్రలు నడిపే కంపెనీ ఒకటుందని ఉదయ్‌కుమార్ ఫోన్లో చూపించేడు. సంఘం తరఫున అధ్యక్షులవారు బయల్దేరడం ఖాయమైంది. భార్య కనకదుర్గని కూడా తీసుకెళ్ళాలనుకున్నారు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆయనకి తెలీదు.

కనకదుర్గ దగ్గర్లోని వడ్డాదిలో పుట్టింది. చిన్నప్పుడు నాన్న సైకిల్‌కి అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుంది. చెల్లెలు రేవతిని వెనక కూర్చోబెట్టుకుని హైస్కూలుకి వెళ్ళేది. పెళ్ళయ్యేక, ఆఫీసరు గారి భార్య సైకిలెక్కితే బాగుండదని అత్తగారు చెప్పేరు. బాగుండదన్నారు కదా అని ఆవిడ ఎక్కలేదు. అంతే, గొడవేం జరగలేదు.

యార్క్‌షైర్‌లో యాత్ర నడిపించే అమ్మాయి పేరు హెలెన్. ఎవరికెంత తొక్కడం వచ్చో చూద్దామని మొదటిరోజు అందరికీ తలో సైకిలూ ఇచ్చింది. మూర్తిగారు ఎక్కీ ఎక్కగానే నేరుగా ఓ రాతిగోడ దగ్గరికి వెళ్ళి, గోడ అవతలి గొర్రెల సమక్షంలో పడ్డారు. లేచి, ఈ సైకిల్ భారతీయుల ఎత్తుకి తగ్గట్టు చెయ్యలేదని ప్రకటించేరు. ఈలోగా కనకదుర్గ చుడీదారు చున్నీ నడుముకి బిగించి, ఓ సైకిల్ తీసి, చెట్టు చుట్టూ రెండు చుట్లు తిరిగి వచ్చి ఆగింది. తనకింకా వచ్చునన్న సంగతి ఆవిడకే అప్పుడు తెలిసింది.

హెలెన్ కాసేపు ఆలోచించి, ఇద్దరు తొక్కే పొడుగు సైకిల్ ఒకటి తెచ్చింది. హ్యాండిలు, బ్రేకులు ముందు మనిషి చేతిలో ఉంటాయి. వెనక మనిషి తొక్కితే చాలు. చిన్న మోటారు కూడా ఉంది గానీ, అది తొక్కినవాళ్ళకే సాయం చేస్తుంది. ముందు మేడమ్ కూర్చోవాలి అంది హెలెన్. సారుకి కోపం వస్తుందేమోనని భయపడింది కూడా.

మూర్తిగారికి కోపం రాలేదు.

"కరెక్టే కదుటే! కార్లో డ్రైవరెక్కడ కూర్చుంటాడు? ముందు. ఆఫీసరెక్కడ కూర్చుంటాడు? వెనక. వీళ్ళకి పద్ధతి తెలుసే కనకా, ఊరికే పరిపాలించేరా మనల్ని!" అని, హుందాగా వెనక సీటు అలంకరించేరు.

ఆ సైకిల్‌కి రెండు జతల పెడల్సూ ఒకే గొలుసుతో కలిపి ఉంటాయి. ముందువాళ్ళు తొక్కితే వెనకవాళ్ళ కాళ్ళు వాటంతటవే తిరుగుతాయి. మూర్తిగారి కాళ్ళు రోజంతా తిరిగేయి. కాళ్ళు తిరుగుతున్నాయి కాబట్టి తొక్కుతున్నది తనేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్మేరు. చేతులు ఖాళీ. ఫోను తీసి, తనవైపు తిప్పుకుని, చోడవరం గ్రూపుకి వీడియోలు పంపడం మొదలెట్టేరు. వెనక కూర్చుని సెల్ఫీ తీసుకుంటే కనబడేది తీసుకున్నవాడూ, వెనక్కి పోతున్న కొండలూను. ముందు తొక్కుతున్న మనిషి అందులో ఎక్కడా పడదు. ఈ రకంగా, ఏ మోసమూ చెయ్యకుండానే, మూర్తిగారు ఒంటరిగా ఇంగ్లండు కొండలెక్కేస్తున్నారని చోడవరంలో అందరికీ తెలిసిపోయింది.

ఓ మలుపు దగ్గర ఇరవై అయిదు శాతం అని బోర్డు కనబడింది. ఎత్తు ఎంత నిటారుగా ఉందో చెప్పే బోర్డది. "మిత్రులారా, ఇరవై అయిదు శాతం పూర్తయింది! ఇంక డెబ్భై అయిదే!" అని అధ్యక్షులవారు వీడియోలో ప్రకటించేరు. గ్రూపులో నమస్కారాలు వెల్లువెత్తేయి. ముందు సీట్లో కనకదుర్గకి ఊపిరందడం లేదు.

"ఏవండీ, మీరు కూడా కాస్త తొక్కండి."

"తొక్కుతూనే ఉన్నాను కదే! కనబడ్డం లేదా?"

ఆవిడకి కనబడదు మరి. వెనక కదా.

కొండెక్కేక దిగుడు. ఇరుపక్కలా రాతిగోడలు, మధ్యలో చీర అంచులా సన్నటి రోడ్డు, కింద లోయలో ఓ తెల్లటి ఇల్లు. కనకదుర్గ బ్రేకు మీద వేళ్ళు పెట్టింది. నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో ఆవిడకీ తెలీదు. గాలి చెవుల్లో గుయ్యిమంది. ఏదో పెద్ద చప్పుడు వినిపించి ఎవరా అని చూస్తే అది తన నవ్వే. గొర్రెలు తలలెత్తి చూసేయి. వెనకనుంచి మూర్తిగారు "బ్రేకు! బ్రేకు! బ్రేకే కనకా!" అని అరుస్తున్నారు. ఫోను ఇంకా ఆన్లోనే ఉంది. గాలి హోరులో చోడవరానికి మొదటి మూడు మాటలే వినబడ్డాయి. "సారు రికార్డు బ్రేకు చేసేరు" అని ఉదయ్‌కుమార్ వివరణ ఇచ్చేడు. సాయంత్రానికి అది ఏ రికార్డో కూడా ఖరారైంది.

ఆఖరిరోజు కొండ అన్నిటికంటే పెద్దది. మూర్తిగారు మోకాలు పట్టుకుని, యాత్రని పర్యవేక్షించే నిమిత్తం కంపెనీ సామాన్ల వ్యానెక్కేరు. కనకదుర్గ ఒక్కత్తీ మామూలు సైకిల్ తీసుకుంది. రెండుచోట్ల దిగి నడిచింది. ఒకచోట వెనక్కి తిరిగిపోదామా అనుకుంది. తిరిగిపోతే వ్యానెక్కాలి, వ్యాన్లో ఆయనున్నారు. మళ్ళీ ఎక్కి తొక్కింది. పైకి చేరి, సైకిల్ గడ్డిలో పడేసి పక్కనే కూర్చుంది. ఎన్ని వరసల కొండలో! ఏ వరసకి ఆ వరస వేరే పచ్చ. ఏడుపొచ్చినట్టయింది గానీ, సంచీలోంచి జంతికలు తీసి హెలెన్‌కి పెట్టి తనూ తింది.

అప్పటికే వ్యాన్లో చేరుకున్న మూర్తిగారు ఆ సైకిల్ లేపి నిలబెట్టి, మొహం మీద నీళ్ళు చల్లుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "తియ్యి కనకా, ఆయాసం కూడా పడాలి ఫొటోలో." ఆవిడ తీసింది. తనకీ ఒకటి తియ్యమంది. ఫోన్లో ఛార్జింగు తక్కువగా ఉందన్నారాయన. ఇదిగో, ఆ ఫొటోయే మీరు చూసిన ఫ్లెక్సీ.

సన్మానం కల్యాణమండపంలో జరిగింది. వ్యాపారవేత్త బంగార్రాజు మైకు పట్టుకుని, "రెండొందల ఏళ్ళు వాళ్ళు మనల్ని తొక్కేరు! ఇవాళ మన సోడవరం బిడ్డ ఎల్లి ఆళ్ళ కొండల్ని తొక్కొచ్చేడు!" అని గర్జించేడు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. మూర్తిగారికి శాలువా కప్పి, దండ వేసిన కొత్త సైకిల్ ఒకటి బహూకరించేరు. కనకదుర్గకి చీర పెట్టేరు. అమ్మగారి చేతివంటే ఆయన కాళ్ళ బలమని ఉదయ్‌కుమార్ సెలవిచ్చి, రెండు మాటలు మాట్లాడమన్నాడు.

ఆవిడ మైకు ముందు నిలబడింది. "సైకిల్ తొక్కింది నేనండీ. ఆయన వెనక కూర్చున్నారు" అంది.

మండపం మండపమంతా ఘొల్లున నవ్వింది. అమ్మగారికింత హాస్యం ఉందని తెలీదే అని కళ్ళు తుడుచుకున్నారు జనం. అందరికంటే గట్టిగా నవ్వింది మూర్తిగారు.

కనకదుర్గ కూడా నవ్వింది. నిజం చెప్తే ఇంత మర్యాద జరుగుతుందని ఆవిడ ఊహించలేదు. మర్నాడు పొద్దున్నే హాల్లో ఉన్న సైకిల్‌కి దండ తీసేసి, బయటికి నడిపించి, చెల్లెల్ని చూడ్డానికి వడ్డాది బయల్దేరింది.

ఆవిడ ఊరు దాటకుండానే ఇంట్లో మూర్తిగారి ఫోను మోగింది. సార్, ఇంట్లో అంతా కులాసాయేనా, కారేమైనా అమ్మేసేరా అని ఉదయ్‌కుమార్ మెల్లిగా అడిగేడు. ఏదైనా అవసరముంటే మొహమాటపడొద్దని బంగార్రాజు ధైర్యం చెప్పేడు. రోడ్డు మీద దాసు తన ఆటో ఆపి, "ఏటమ్మా, ఆయనగోరితో ఏటైనా దెబ్బలాటేటి? రండి, ఊరికే దించేత్తాను" అన్నాడు.

ఆవిడ తిరిగొచ్చేసరికి మూర్తిగారు గుమ్మంలోనే ఉన్నారు.

"నా పరువేం కావాలే?"

"మీరు ఇంగ్లండులో తొక్కితే సన్మానం, నేను వడ్డాది వెళ్తే పరువు తక్కువా? ఏటండీ ఇది?"

"అది ఇంగ్లండే!"

"ఐతే రేపట్నించి ఇది కూడా ఇంగ్లండే అనుకోండి" అని ఆవిడ లోపలికెళ్ళి మాత్రలు తెచ్చి చేతిలో పెట్టింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

మూర్తిగారు రెండ్రోజులు మంచం దిగలేదు. మూడోరోజు పరిష్కారం తట్టింది. ఆవిడ ముందు సైకిల్ మీద, ఆయన వెనక కార్లో, అన్ని లైట్లూ వెలిగించుకుని, దేవరాపల్లి రోడ్డు మీద బయల్దేరేరు. ఈ వయసులో భార్యకి శిక్షణ ఇస్తున్నందుకు సంఘం ఆయన్ని అభినందిస్తూ ఇంకో తీర్మానం చేసింది.

మొన్న మీరూ అటు వెళ్ళేరట కదా. ఎదురుగా వస్తున్న సైకిల్ని చూసి దారికడ్డంగా బండి ఆపి, సైకిల్ పక్కనుంచి నడిచి, వెనక కారు దగ్గరికెళ్ళి, అద్దం దింపించి మరీ ఆయనకి నమస్కారం పెట్టేరట. మీ బండి తియ్యమని ఆవిడ చాలాసేపు గంట కొట్టిందండీ.