ఆనపపాదు కేసు

ఆ ఉదయం సత్యారావు అనుకున్నది ఒక్కటే. నిన్న కొట్టిన చెరకు ఎండ ముదరకముందే పక్కింటి శివాజీ ట్రాక్టర్ మీద చోడవరం ఫ్యాక్టరీకి చేరాలి. ఎండితే తూకం తగ్గి ఏడాది కష్టం గాలికి పోతుంది.

శివాజీ టిఫిన్ చేసి వస్తానన్నాడు. ఈలోగా సత్యారావు, విశాఖలో లా చదువుతున్న కూతురు ప్రవల్లిక పక్కన చేరాడు. తెలియని సంగతి కనబడితే ఆయనకు ముద్ద దిగదు.

"ఎల్లుండి పరీక్ష దేనిమీదమ్మా?"

"సివిల్ తప్పుల మీద నాన్నా. జైలుండదు. మనవల్ల ఎవరికైనా నష్టమైతే పరిహారమివ్వాలి."

అంతలో పెరట్లోంచి భార్య అచ్చియ్యమ్మ కేక వేసింది. శివాజీ గేదె ఆనపపాదును పిందెలతో సహా నమిలేస్తోంది.

"దీన్నేటంటారమ్మా?" పాదు పోయిన బాధకన్నా సత్యారావుకు పేరు తెలుసుకోవాలన్న ఆత్రమే ఎక్కువ.

"ట్రెస్‌పాస్. బాధ్యత శివాజీ మావయ్యదే."

ఆయన వెంటనే గేదెను తన గుంజకు కట్టేశాడు. ట్రాక్టర్‌తో వచ్చిన శివాజీ మండిపడ్డాడు.

"నా గేదెని కట్టేసేవేటి బావా?"

"ట్రెస్‌పాస్ సేసింది. లా ప్రకారం పట్టుకున్నాను."

శివాజీ ప్రవల్లిక వైపు తిరిగాడు. "అలా కట్టెయ్యొచ్చేటమ్మా?"

"పట్టుకోవచ్చు మావయ్యా. కానీ పంచాయతీ వాళ్ల బందెలదొడ్డికి పంపాలి, ఇంట్లో ఉంచుకోకూడదు. నాన్నదీ తప్పే."

శివాజీ ముఖం వెలిగింది. "మరి మీ మునగచెట్టు గొంగళీలు మా మంచాలమీద రాల్తన్నాయి, అదేటి?"

"న్యూసెన్స్."

"తెల్లారగట్ల ఈడి ట్రాక్టర్లో పాటలో?" అన్నాడు సత్యారావు.

"అదీ న్యూసెన్సే నాన్నా."

తమ స్నేహంలో ఇన్ని తప్పులున్నాయని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. శివాజీ ట్రాక్టర్ తాళం జేబులో వేసుకున్నాడు.

"కేసు తేలేదాకా సెరుకు కదల్దు."

ఎండ గుమ్మమెక్కింది. సత్యారావు చెరకు వైపూ, శివాజీ జేబు వైపూ మార్చి మార్చి చూశాడు.

"అసలు గేదె లోపలికెలా వచ్చింది? ముందది తేలాలి," అంది ప్రవల్లిక, జడ్జిగారి గొంతుతో.

అచ్చియ్యమ్మ రెండిళ్ల మధ్య తడిక చూపించింది. బార్లా తీసి ఉంది.

"పొద్దున్న పుస్తకం సదువుకుంటా ఆళ్లింటికి పాలకెల్లిందెవులే గుంటా?"

ప్రవల్లిక పుస్తకం మూసేసింది.

"దీన్నేటంటారమ్మా?" అన్నారు మగవాళ్లిద్దరూ ఒకేసారి.

"నెగ్లిజెన్స్," అంది నేల చూపులు చూస్తూ.

"కంచే చేను మేసింది బావా!" శివాజీ నవ్వు ఆపుకోలేక తాళం బయటికి తీశాడు. సత్యారావు గేదెను తానే తోలుకెళ్లి వాళ్ల దొడ్లో కట్టి వచ్చాడు. చెరకు కదిలింది.

పరీక్షలో నెగ్లిజెన్స్‌కి ఉదాహరణ రాయమన్నారు. ప్రవల్లిక జరిగిందంతా ఉన్నదున్నట్టు రాసి, తడిక మూయని మనిషి పేరు మాత్రం సత్యారావు అని పెట్టింది.