తటస్థ స్థితిలో బాలమ్మ

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో, స్టీలు సామాన్ల దుకాణం పైన వెలసిన ఉదర సూక్ష్మజీవ పరిశోధన సంస్థ గత శుక్రవారం ఒకే సభలో రెండు శుభకార్యాలు జరిపించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఒకటి, ఊరికే కూర్చున్నట్టు కనబడే ఒక ప్రోటీను ఎంత గొప్పదో కనిపెట్టినందుకు సన్మానం. రెండు, ఊరికే కూర్చున్నట్టు కనబడిన అటెండరు బాలమ్మను ఉద్యోగంలోంచి తీసేయడం. రెంటికీ శాలువాలు ఒకే కొట్లో తెచ్చారు.

ప్రోటీను సంగతి తేల్చింది కల్పలత. ఆరేళ్లుగా మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వచ్చి, బ్యాక్టీరియా మీద ఆమ్లం పోసి, అది చస్తుందా బతుకుతుందా అని చూడటం ఆమె పని. మన కడుపులోకి దిగిన బ్యాక్టీరియాకు అక్కడి ఆమ్లం తగలగానే దాని ప్రోటీన్లు చుట్ట విడిపోయి, ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోతాయి. ముద్దయినవి ఇక దేనికీ పనికిరావు. అలా కాకుండా కాచేదే షాపెరోన్ అనే తోడు ప్రోటీను. మామూలప్పుడు అది జంటగా, ఒకదాన్నొకటి పట్టుకుని ఏ పనీ లేకుండా ఉంటుంది. ఆమ్లం తగిలిందంటే ఆ జంట విడిపోయి, చెదిరిపోతున్న ప్రోటీన్లను పట్టుకుంటుంది. బ్యాక్టీరియా కడుపు దాటి పేగులోకి చేరాక వాటిని ఒక్కసారిగా వదలదు, నెమ్మదిగా వదులుతుంది. అన్నీ ఒకేసారి బయటపడితే మళ్లీ ముద్దయ్యే ప్రమాదముంది మరి.

సంస్థలో ఆమ్లానికి ఎన్నడూ కొరత లేదు. సీసాల్లో ఉన్నది కాక డైరెక్టర్ రామభద్రరావుగారున్నారు. "ఇది లేబులా? దీన్ని లేబులంటారా అని అడుగుతున్నానండీ! నోట్లో బెల్లంముక్క ఉందా?" అని ఆయన లేచారంటే బంగారు పతకాలు వచ్చినవాళ్లకు సైతం తమ పేరు గుర్తుండేది కాదు.

స్టోర్‌రూం గుమ్మంలో, స్టూలు మీద, రెండు చేతులూ కలిపి ఒళ్లో పెట్టుకుని కూర్చునే బాలమ్మ అప్పుడు లేచేది. చేతులు విడేవి. ఒక చేత్తో కల్పలతను, ఇంకో చేత్తో పక్క ల్యాబు రాజేందర్‌ను మణికట్టు పట్టుకుని లోపలికి తీసుకుపోయి, చెరొక మూల కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేది.

"ఏం గాదు బిడ్డా. జెర కూసో."

"స్లైడ్లు చెయ్యాలె బాలమ్మా, పోతా."

"పోదువు తియ్. గా రాజేందర్ సారు పోయినంక పో. ఇద్దరు గల్సి పోతె తొవ్వల మల్ల లొల్లి షురూ జేస్తరు. గాయన నిన్నంటడు, నువ్ గాయన్నంటవ్."

అలా ఒక్కొక్కరినే, నిమ్మళించాకే వదిలేది. కల్పలత తన సిద్ధాంత గ్రంథంలో ప్రభుత్వానికి, డైరెక్టరుగారికి రెండుసార్లు, చివరికి గిర్రున తిరిగే యంత్రానికి కూడా కృతజ్ఞతలు చెప్పుకుంది. బాలమ్మ పేరు రాయలేదు. నమూనా పత్రంలో ఆ వరుస లేదు.

ఇంతలో రిటైరై, సైనిక్‌పురిలో విశ్రాంతి తీసుకుంటూ విసిగిపోయిన ఓంప్రకాశ్‌గారిని సంస్థ సమర్థతా సమీక్షకు పిలిపించింది. ఆయన బహు నిక్కచ్చి మనిషి. ముప్పై రోజుల సీసీ కెమెరా దృశ్యాలు పూర్తిగా చూశారు. ఆ ముప్పై రోజులూ డైరెక్టరుగారు స్విట్జర్లాండ్‌లో ఉన్నారు. సంస్థలో ఎవరూ ఏడవలేదు. బాలమ్మ స్టూలు మీద నుంచి లేవలేదు.

శుక్రవారం సభలో రామభద్రరావుగారు గొంతు సవరించుకున్నారు. "సభాసదులారా! మొదట మన వ్యాసాన్ని విదేశీయులు తిప్పిపంపారు. ఎందుకు? ప్రోటీనును ఆమ్లం లేని తటస్థ స్థితిలో పరీక్షించి, ఇది సోమరిదన్నారు! ఆమ్లం పొయ్యకుండా సోమరిదని తేల్చడం అజ్ఞానం, అన్యాయం, విజ్ఞానశాస్త్రానికే తలవంపులు!" సభ చప్పట్లతో దద్దరిల్లింది. తర్వాత ఓంప్రకాశ్‌గారు నివేదిక చదివారు. బాలమ్మ సోమరిదని తేలింది. సభ మళ్లీ దద్దరిల్లింది, అలవాటైపోయిన చేతులు కదా.

"ఎవరికన్నా అభ్యంతరముంటే చెయ్యెత్తండి" అన్నారు ఓంప్రకాశ్‌గారు.

కల్పలతకు అభ్యంతరముంది. ఆ కెమెరా దృశ్యాలు ఏ నెలలోవో ఆమెకు తెలుసు. ఆమె డాక్టరేటు కాగితం కూడా వేదిక మీదే, డైరెక్టరుగారి కలం కింద, సంతకం కోసం ఎదురుచూస్తోంది. చెయ్యెత్తితే ఆ కలం మూత పడుతుంది. ఆమె రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఒళ్లోనే కూర్చున్నాయి. మిగతా ఇరవైరెండు మంది చేతులూ అంతే.

బాలమ్మ శాలువా మడిచి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. డైరెక్టరుగారు కాగితం మీద సంతకం చేసి, మైకు అందుకుని, "డాక్టర్ కల్పలతగారూ!" అని పిలవబోయారు. మైకు కుయ్యిమంది.

"ఎవరండీ ఈ మైకు పెట్టింది? ఎవరని అడుగుతున్నాను!"

ఇరవైముగ్గురూ చెదిరిపోయి ఒకే మూలకు చేరారు. రాజేందర్ 'కల్పలత' అన్నాడు, కల్పలత 'రాజేందర్' అంది, తక్కినవాళ్లు ఇద్దర్నీ అన్నారు. ఎవరి చున్నీ ఎవరి చేతిలో ఉందో తెలియనంతగా ముద్దయిపోయారు.

కేకలు మెట్ల కిందిదాకా వినబడ్డాయి. బాలమ్మ సంచి అక్కడే పెట్టి మళ్లీ పైకొచ్చింది. చేతులు విడ్డాయి. ఇద్దరిద్దరిని పట్టుకుని స్టోర్‌రూంలో కూర్చోబెట్టింది. కల్పలత ఆమె కళ్లలోకి చూడలేకపోయింది.

"చెయ్యెత్తలేదు బాలమ్మా నేను."

"సూసిన బిడ్డా. ఏం గాదు. చాయ్ తాగు."

ఒక్కొక్కరినే పంపింది. కల్పలతను ఆఖరున వదిలింది. అప్పటికి నలభై నిమిషాలైంది. సెక్యూరిటీవారు రిజిస్టరులో ఇలా నమోదు చేశారు: "సదరు బాలమ్మ తొలగింపు అనంతరం కూడా అనుమతి లేకుండా లోనికి ప్రవేశించి, సిబ్బందిని నలభై నిమిషాలపాటు విధులకు వెళ్లకుండా కూర్చోబెట్టినది." కింద సాక్షి సంతకం కావలసి వచ్చి, దగ్గర్లో ఉన్న కల్పలతను పిలిచారు. ఆమె రెండుసార్లు చదివింది. అందులో ఒక్క అబద్ధమూ లేదు. కలం తీసి, పేరు ముందు 'డాక్టర్' అని తొలిసారిగా రాసుకుని, సంతకం పెట్టింది.