రెండు వందలవ గంట

ఆ గురువారం పొద్దున సగం డాక్టరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదిన్నరకు మేడమ్ గదిలో కూర్చోవాలి, పదిన్నరకు సంతకం పెట్టించుకోవాలి, ఒంటిగంటలోపు లైసెన్సు ఆఫీసు కిటికీలో ఫారం ఇచ్చెయ్యాలి, వచ్చేటప్పుడు భార్య చెప్పిన దిండు గలీబులు కొనాలి.

సగం డాక్టరు అన్నది బావమరిది పెట్టిన పేరు. నిజానికి అతను డాక్టరు కాదు, మనసు బాగాలేని వాళ్ళ గోడు వినే థెరపిస్టు. ఆ మాటకొస్తే పూర్తి థెరపిస్టూ కాదు. చదువైపోయాక ఒక సీనియరు ముందు రెండు వందల గంటలు కూర్చుని, తను చూస్తున్న కేసులన్నీ విప్పి చెప్పి, చీవాట్లు తిని, ఆవిడ చేత సంతకం పెట్టించుకుంటేగాని లైసెన్సు రాదు. నూట తొంభై తొమ్మిది గంటలు అయ్యాయి. ఫారాలు ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు. అది దాటితే మళ్ళీ ఆరు నెలలకు. ఆసుపత్రిలో అతని కోసం అట్టే పెట్టిన ఉద్యోగం అన్నాళ్ళు ఆగదు. "ఈసారైనా పూర్తవుతావా బావా, ఇంకా సగమేనా?" అని బావమరిది ముందురోజే ఫోన్ చేసి మరీ అడిగాడు.

అతనికున్న లోపం ఒక్కటే. ఎదుటి మనిషి రెండు క్షణాలు ఊరుకుంటే ఇతనికి ఊపిరాడదు, తనే నాలుగు మాటలు అందించేస్తాడు. "మాట్లాడని వాళ్ళ మనసు ముఖంలో చదవాలి బాబూ. నువ్వు వాళ్ళ నోట్లో మాటలు కుక్కుతున్నావు" అని మేడమ్ రెండేళ్ళుగా మొత్తుకుంటోంది. పోయిన వారం మాత్రం, "ఏం నేర్చుకున్నావో చివరి గంటలో చూస్తాను" అని ఊరుకుంది.

ఆవిడ గదిలోకి వెళ్ళేముందు ఫోన్ ఆపెయ్యడం నియమం. అతను మెట్ల దగ్గరే ఆపేశాడు. కొంప అక్కడే మునిగింది. ఆ తర్వాత రెండు నిమిషాలకు మేడమ్ పంపిన సందేశం ఇది: "పన్ను పీకారు. పదకొండు దాకా నోరు విప్పకూడదట, విప్పితే రక్తం ఆగదట. నీ కేసు నువ్వు చెప్పు, విని సంతకం పెడతాను."

అతను వెళ్ళేసరికి మేడమ్ కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంది. ఒక బుగ్గ కాస్త ఉబ్బి ఉంది. నమస్కారం పెడితే తల ఊపింది. కూర్చున్నాడు. ఆవిడ మాట్లాడలేదు. పరీక్ష మొదలైందన్నమాట అనుకున్నాడు. సరే, ప్రాణం పోయినా తను ముందు నోరు విప్పేది లేదు.

కేసు ఎప్పుడు చెబుతాడా అని ఆవిడ, పరీక్ష ఎప్పుడు ముగుస్తుందా అని ఇతను, పావుగంటసేపు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి విసుగెత్తి మేడమ్, అతని ఒళ్ళో ఉన్న ఫైలు ఇమ్మని చెయ్యి చాచింది. అతను ఆ చేతినీ, తడిగా ఉన్న ఆవిడ కళ్ళనూ మార్చి మార్చి చూశాడు. మత్తు దిగిపోతోంది పాపం, చిగురు సలుపుతోంది. అతనికి మాత్రం వేరే సంగతి బోధపడింది. ఇది పరీక్ష కాదు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి బాధలూ విన్న మనిషి ఇవాళ తన బాధ చెప్పుకోలేక చెయ్యి చాస్తోంది. మెల్లిగా ఆ చేతిలో తన చెయ్యి పెట్టాడు.

మేడమ్ విదిలించుకుంది.

"ఫరవాలేదు మేడమ్. తోసెయ్యాలనిపించడం సహజమే" అన్నాడు, ఆవిడ దగ్గర నేర్చుకున్న గొంతుతోనే.

ఆవిడ కాగితం లాక్కుని గబగబా 'ప' అని రాసింది. అతను మృదువుగా కలం తీసి జేబులో పెట్టుకున్నాడు. "రాతల వెనక దాక్కోకండి. మీరే కదా చెబుతారు, క్లయింటు చీటీలు రాస్తే తీసుకోవద్దని."

మేడమ్ నిప్పులు కక్కే చూపు చూసింది. కోపం బయటికొస్తోంది, మంచిదే అనుకుని, ఇంత పెద్ద కేసు ఒంటి చేత్తో పట్టకూడదని పక్క గదిలోని గ్రూపు మాస్టారిని పిలుచుకొచ్చాడు. పదేసి మందిని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించడం ఆయన పని. మేడమ్ తర్వాత ఆ భవనంలో సంతకం పెట్టే అర్హత ఉన్నది ఆయన ఒక్కడికే.

మాస్టారు వచ్చి మేడమ్ ముఖం చూశాడు. ఉలుకూ పలుకూ లేదు, చూపు మాత్రం గుచ్చుతోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆయన పని.

"తెలిసిపోయిందా?" అన్నాడు కుర్చీలో కూలబడుతూ. "ఏడేళ్ళ క్రితం సలహాల పెట్టెలో ఆ ఉత్తరం వేసింది నేనే. మేడమ్ క్లాసులో నిద్రొస్తోందని రాశాను. పేరు పెట్టలేదు."

"ఏడేళ్ళు దాన్ని ఎలా మోశారు మాస్టారూ?" అన్నాడు సగం డాక్టరు.

అంతే, మాస్టారు భోరుమన్నాడు. అతను కాగితం రుమాళ్ళ పెట్టె ఆయన ముందుకు జరిపి, బల్ల మీది ఫోన్‌లో మేడమ్ ఇంటికి కలిపాడు. ఆవిడ లేచి ఆపబోతే మాస్టారు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఇంకా ఏడ్చాడు.

ఇల్లు వెనక వీధిలోనే. భర్త పది నిమిషాల్లో ఇంటి చెప్పులతోనే వచ్చాడు. పన్ను పీకించుకోమని ఆయన నెల రోజులుగా పోరుతున్నాడు, అక్కర్లేదని ఆవిడ వాదించింది. ఓడిపోయానని ఒప్పుకోవడం ఇష్టం లేక ఆ పొద్దున చెప్పకుండా వెళ్ళింది. ఆ సంగతి ఆయనకేం తెలుసు?

"పొద్దున ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళింది బాబూ" అన్నాడు గుమ్మంలోనే. "అప్పుడే అనుకున్నాను, కనిపెట్టేసిందని." భార్య వైపు తిరిగాడు. "అవును, కిటికీలో మొక్కలు ప్లాస్టిక్‌వి. నువ్వు ఊరెళ్ళినప్పుడు నీళ్ళు పోయడం మర్చిపోయాను. ఎండిపోతే అవి తెచ్చి పెట్టాను. మూడు నెలలుగా నువ్వు నీళ్ళు పోస్తున్నది వాటికే."

మేడమ్ కళ్ళు పెద్దవయ్యాయి.

సగం డాక్టరుకు నాలుక చివరిదాకా మాటలు వచ్చాయి. ఎందుకో మింగేశాడు. గదిలో గడియారం చప్పుడు వినిపించింది.

"చెప్పేద్దామనే అనుకున్నాను" అన్నాడు భర్త కాసేపటికి. "పొద్దున్నే వాటితో మాట్లాడుకుంటూ నీళ్ళు పోస్తావు కదా. నాతో కూడా అలా మాట్లాడితే బాగుండుననిపించేది. మొక్కలు పోయాయంటే ఆ గొంతు కూడా వినపడదేమోనని భయం వేసింది."

సరిగ్గా పదకొండు కొట్టింది. మేడమ్ నోట్లోంచి దూది తీసి చెత్తబుట్టలో వేసింది.

"పన్ను" అంది వంకర మూతితో. "పన్ను పీకించుకున్నాను. అంతే."

సగం డాక్టరు జేబులోంచి కలం తీసి బల్ల మీద పెట్టాడు. "మరి ఆ కన్నీళ్ళు మేడమ్?"

"మొదటివి చిగురువి." భర్త వైపు చూసి ముఖం తిప్పుకుంది. "ఇప్పటివి కావు."

ఫైలు తీసుకుని ఫారం తెరిచింది. ఇంకా రెండు గంటల టైముంది. ఆవిడ కలం అందుకుని, కాగితం దాకా తెచ్చి, ఆగిపోయింది.

"ఎవరి గోడు విన్నామో వాళ్ళ చేత సంతకం పెట్టించుకోకూడదు. మొదటి గంటలోనే చెప్పాను కదూ?"

"చెప్పారు మేడమ్."

"ఇందాక మా ఆయన చెప్పింది మా ఇంటి గోడు. నేను ఇప్పుడు నీకు పర్యవేక్షకురాలిని కాను బాబూ. క్లయింటుని."

అతను ఆశగా మాస్టారి వైపు తిరిగాడు. మాస్టారు రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు. ఆ భవనంలో సంతకం పెట్టగల ఇద్దరినీ గంటన్నరలో క్లయింట్లను చేసుకున్నాడు సగం డాక్టరు. రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. ఈసారి రుమాళ్ళ పెట్టె భర్త అతని ముందుకు జరిపాడు.

"వచ్చే గురువారం నాలుగింటికి మేమిద్దరం వస్తాం" అంది మేడమ్, దవడ పట్టుకుని. "నువ్వు ఊరుకున్నప్పుడు ఈయన చెప్పిన మాట ముప్పై ఏళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు."

"ఐదింటికి నన్ను రాసుకో" అన్నాడు మాస్టారు.

"చూడకూడదు మేడమ్" అన్నాడు సగం డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ. "ఇక సొంతంగా చూడాలంటే లైసెన్సు కావాలి. నాకు లేదు."

మేడమ్ నొచ్చుకుంది. "లైసెన్సు దగ్గర ఇంత అశ్రద్ధ అయితే నిన్ను నమ్ముకున్న వాళ్ళం మేమేం కావాలి బాబూ?"