డెడ్‌లైన్ పుట్టుక, జగ్గమ్మ వేలిముద్ర

ఇంగ్లిషు భాష మానవజాతికి ప్రసాదించిన వరాలలో డెడ్‌లైన్‌ను మించినది లేదని నా నిశ్చితాభిప్రాయం. కాదనేవారు ముందు దాని పుట్టుక తెలుసుకోవాలి!

చావును, గీతను అతికించి చేసిన మాట అది. అందులో అలంకారమేమీ లేదు. అమెరికా అంతర్యుద్ధ కాలపు ఖైదీల శిబిరాలలో గోడకు ఇవతల ఒక హద్దు ఉండేది. దాటినవాణ్ణి కావలివాడు కాల్చేసేవాడు. ఆ హద్దే డెడ్‌లైన్! తరువాత ఆ మాట పత్రికాఫీసులకు, అక్కడి నుంచి సమస్త కార్యాలయాలకు పాకింది. తుపాకీ మాత్రం దారిలో జారిపోయింది. ఎంత నాగరికత!

డెడ్‌లైన్ లేకుంటే ఈ వ్యాసం పూర్తయ్యేదా? ఏ గడువూ లేని నా పరిశోధన గ్రంథం ఇరవై రెండేళ్లుగా మూడో పాదసూచిక దగ్గరే ఉంది.

మొన్న వేసవిలో, రేషన్ కార్డుల ఈ-కేవైసీకి చివరి రోజున, మా నౌపడలోని నమోదు కేంద్రానికి వెళ్లాను. పుస్తకాల పుటలు తప్ప మరేమీ ముట్టని నా వేలిని యంత్రం క్షణంలో గుర్తించింది. నా వెనుక జగ్గమ్మ. నలభై ఏళ్లు ఉప్పుమళ్లలో పనిచేసిన మనిషి. ఆమె వేలిమీది గీతలను ఉప్పు ఎప్పుడో తినేసింది.

"ఏలు తుడిసి ఎట్టు, అత్తా," అన్నాడు ఆపరేటరు అప్పలసూరి.

"తుడిసి తుడిసి సీర సిరిగిపోనాది. ఇంకేటి తుడిసేది?"

"పోనీ, కొబ్బరినూని రాయి."

"ఒరే, నాది ఏలురా, జంతిక కాదు!"

ఐదు గంటలకు సైటు మూతపడింది. ఐదూ రెండు నిమిషాలకు యంత్రం మనసు మార్చుకుని పచ్చదీపం చూపింది. ఏం లాభం? మరునెలకల్లా కార్డులోంచి ఆమె పేరు, దానితోపాటు బియ్యమూ పోయాయి. చూశారా, క్రమశిక్షణ!

పేరు మళ్లీ చేర్చమని అర్జీ నేనే రాశాను, సలక్షణంగా, మూడు పేజీలు. అర్జీలు ముప్పై రోజులలో పరిష్కరించబడునని ఆఫీసు గోడమీద బోర్డు ఉంది. నూట పన్నెండో రోజున ఇద్దరం వెళ్లాం. గుమస్తా ధనరాజు ఆ బోర్డుకేసి ఆప్యాయంగా చూశాడు.

"గడువులో అవ్వలేదు, మేస్టారూ. అవ్వకపోతే ఏటవుద్ది? పరిశీలనలో ఉంటాది."

ఇంత సహనశీలమైన గడువు నాకు ఏ నిఘంటువులోనూ తగల్లేదు. అతన్ని అభినందించబోయేంతలో జగ్గమ్మ బల్లమీదికి వంగింది.

"నాను రెండు నిమిసాలు దాటితే నా పేరు కొట్టేసినారు. మీ గడువు దాటిపోతే ఎవులి పేరు కొట్టేస్తారు, బాబూ?"