ఊడ్చేసిన జింకలు

ఆ ఉదయం బీట్ గార్డు వేసుకున్న పథకం చిన్నదే. అడవిలోకి వెళ్ళడం, తాడు కట్టిన గళ్ళలో జింక పెంటికలు లెక్కపెట్టడం, మధ్యాహ్నం జీపులో వచ్చే రేంజరుకి ఆ లెక్క అప్పజెప్పడం. జింకలు వరసలో నిలబడి హాజరు పలకవు గదా! అందుకని నేల మీద గళ్ళు కట్టి, పాత పెంటికలన్నీ ఊడ్చేసి, కొన్నాళ్ళయ్యాక కొత్తగా పడినవి లెక్కిస్తారు. ఒక జింక రోజుకి ఎన్ని వేస్తుందో తెలుసు కనుక మొత్తం జింకలెన్నో తేలుతుంది. ఈలోగా అటువైపు మనిషి అడుగు పెట్టకూడదు. ఆవిడా పెట్టలేదు.

జింకలు తక్కువ తేలితే ఆవిడ కాపలా కాసే ఈ బీటుని పక్క బీటులో కలిపేస్తామని ఆఫీసు ముందే చెప్పింది. అంటే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మూటాముల్లె సర్దుకుని ఊళ్ళు తిరిగీ తిరిగీ ఆవిడకి ప్రాణం విసిగిపోయింది. జింకలున్నాయి, రోజూ కళ్ళారా చూస్తోంది. కానీ ఆఫీసు ఆవిడ కళ్ళని నమ్మదు, పెంటికల్ని నమ్ముతుంది. ఏం చేస్తాం!

మొదటి గడిలో ఒక్క పెంటిక లేదు. రెండోదీ అంతే. మూడోది అద్దంలా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే మట్టి మీద చీపురు గీతలు! ఆ గీతలు ఆవిడకి కొత్తవి కావు. రోజూ పొద్దున్నే ఇంటి ముందు చూసేవే.

ఒంటికాలి మీద ఇంటికొచ్చి పడింది. దర్జీ మొగుడు మెషిన్ ముందు కూర్చుని చొక్కాకి కాలరు కుడుతున్నాడు. అత్తగారు వరండాలో చీపురు బిగించి కడుతోంది.

"అత్తయ్యా, అడవిలో గళ్ళు ఊడ్చింది మీరేనా?"

"నేను కాక నీ మొగుడు ఊడుస్తాడా? ఆవేళ నువ్వు నడుం పట్టుకుని ఊడుస్తుంటే చూశా. ఉద్యోగం చేసే పిల్లకి ఈ చాకిరీ ఏమిటని కడుపు తరుక్కుపోయింది. అప్పట్నుంచీ రోజూ నేనే ఊడుస్తున్నా."

"అది ఒక్కసారే ఊడ్చేది! తర్వాత ముట్టుకోకూడదు!"

"ఒక్కసారి ఊడ్చి వదిలేస్తే దాన్ని ఊడ్చడం అంటారా ఎక్కడన్నా?"

మొగుడు మెషిన్ ఆపాడు. "మరి ఊడ్చిందంతా ఎక్కడ పోశావమ్మా?"

"బంగారంలాంటి ఎరువు, పారేస్తానేంట్రా? టమాటా మడిలో పోశా."

ఇంకేముంది, ముగ్గురూ పెరట్లో పడ్డారు. కాపుకొచ్చిన మొక్కలు పీకి, మట్టి జల్లించి, పెంటికలు బక్కెట్లకెత్తారు. ఒక బక్కెట్ నిండింది. రెండోదీ నిండింది. మూడోదానికి గార్డుకి అనుమానమొచ్చింది.

"అత్తయ్యా, తాడు లోపలివేగా ఇవన్నీ?"

"తాడు దగ్గర ఆగిపోవడానికి నేనేమన్నా సోమరిపోతునా? వాగు దాకా ఊడ్చా!"

గార్డు తల పట్టుకుంది. సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది.

రేంజరు బక్కెట్లు చూసి నోరు తెరిచాడు. "ఇవన్నీ నీ గళ్ళలోవేనా?"

"కాదు సార్, అసలు జరిగిందేంటంటే, మా అత్తగారు..."

"అత్తగారు కూడా సాయం చేసిందా? శభాష్!" అంటూ ఫోన్లో లెక్క కట్టేశాడు. "అమ్మో! ఈ లెక్కన నీ బీటులో చెట్లకన్నా జింకలే ఎక్కువ!"

"ఆ లెక్క తప్పు సార్!"

"నాకు లెక్కలు నేర్పుతావా?"

పైవాళ్ళకి ఫోన్ కలిపాడు. ఆవిడ "సార్, సార్" అంటూ జీపు చుట్టూ తిరుగుతోంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఉండమంటున్నాడు. నిజం చెప్తానని వెంటపడ్డ మనిషిని ఇలా ఈగని తోలినట్టు తోలడం కుర్చీల్లో కూర్చునేవాళ్ళకే చేతనవును.

చివరికి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నీ బీటు ఎక్కడికీ పోదు. క్వార్టరూ నీదే."

మొగుడు గట్టిగా ఊపిరి వదిలాడు.

"కాకపోతే ఇన్ని జింకల్ని అడవి మొయ్యలేదట. వాటిని తగ్గించడానికి చిరుతపులుల్ని తెచ్చి వదులుతారు. ఇదిగో, మీ పెరటి వెనకాలే."

అందరూ ఒక్కసారిగా అడవి వైపు తిరిగారు. ముందుగా తేరుకున్నది అత్తగారే.

"ఆ చిరుతల్ని ఎలా లెక్కపెడతారు బాబూ?"

"ఇదే పద్ధతమ్మా. గళ్ళు కట్టి, ఊడ్చి."

అత్తగారు చీపురు కోడలి చేతిలో పెట్టి, లోపలికెళ్ళి గడియ వేసుకుంది.